రాకపోకలు లేవు

"అమ్మగారూ, మీ పేరు మీద ఇల్లుందండీ," అన్నాడు ప్యో, కంప్యూటర్ మీంచి తల ఎత్తకుండానే.

"ఉందండి. ఉంది గానీ నాది కాదు," అంది సున్‌రే.

అప్పుడు తలెత్తాడు. వార్డు ఆఫీసులో సంక్షేమం కౌంటర్ దగ్గర కూర్చోవడం మొదలుపెట్టి అతనికి ఏడాది కూడా నిండలేదు. ఎక్కడో లోపలి కొండల జిల్లా నుంచి వచ్చినవాడు. ఈ రేవు ఊళ్ళో ఆడవాళ్ళ గొంతు మామూలుగానే పెద్దదని, వాళ్ళు తనని తిట్టడం లేదని ఈమధ్యనే తెలుసుకున్నాడు. నెమ్మదస్తుడు. ఆమె చెప్పినదాన్ని లోపలే ఓసారి తిప్పుకుని, "పేరు మీదే, ఇల్లు మాత్రం మీది కాదు. దీన్ని నేను పైవాళ్ళకి ఎలా రాయాలండీ?" అని అడిగాడు.

"రాసేవాళ్ళు మీరు. నన్నడిగితే?" అంది సున్‌రే. అనేశాక భయపడింది. సాయం అడగడానికి వచ్చి పొగరు చూపిస్తే పని జరగదు. గొంతు తగ్గించి, వెనక కుర్చీల్లో ఉన్నవాళ్ళు వినకుండా చెప్పడం మొదలుపెట్టింది. వాళ్ళు ఎలాగూ విన్నారు.

పెద్ద కథేం కాదు. ఆమె మొగుడు మన్‌సిక్ పడవ మోటార్ల వ్యాపారం పెట్టి మునిగాడు. అప్పులవాళ్ళు ఇల్లు లాక్కుంటారని ముందే దాన్ని పెళ్ళాం పేరు మీదికి మార్చాడు. ఆ ఊళ్ళో మునిగిన మగవాళ్ళందరూ చేసే పనే అది. తర్వాత తాగుడు, ఆ తర్వాత చెయ్యి చేసుకోవడం. ఒక చలికాలం అతను తోసిన తోపుకి ఆమె కుడి భుజం వెళ్ళి రాతి గట్టుకి కొట్టుకుంది. మర్నాడు ఒక సంచీ సర్దుకుని ఆ ఇల్లున్న గుట్ట దిగి, చేపల మార్కెట్ వెనక ఒంటిగది అద్దెకు తీసుకుంది. ఏళ్ళు గడిచాయి. విడాకులడిగితే అతను ఇవ్వడు, ఇస్తే ఇల్లు ఆమెకు దక్కిపోతుందని. ఇల్లు వెనక్కి రాయించుకోడు, రాయించుకుంటే అప్పులవాళ్ళకి దక్కిపోతుందని. పడవల మీద ఎక్కడెక్కడో తిరుగుతాడు. చేతిలో డబ్బు అయిపోయినప్పుడు మాత్రం ఆ ఇంటికే వచ్చి పడతాడు.

"ఇప్పుడు ఆ ఇంట్లో ఎవరున్నారండీ?"

"మా అత్తగారు. ఎనభై దాటాయి."

"పోనీ ఇల్లు అమ్మేస్తే..."

"అమ్మేస్తే ఆవిణ్ణి తెచ్చి మీ కౌంటర్ మీద పడుకోబెట్టాలి."

ఇల్లంటే గొప్ప ఇల్లేం కాదు. కప్పు మీద నీలం టార్పాలిన్, పెరటి చివర మరుగుదొడ్డి, చలి ముదిరితే గడ్డకట్టే కుళాయి. కానీ కొన్నేళ్ళ కిందట ఎవరో కాలేజీ పిల్లలు వచ్చి ఆ గుట్ట మీది గోడలన్నిటికీ బొమ్మలు వేశారు. ఫోటోలు దిగడానికి జనం వచ్చారు, జనం వెనకాల కాఫీ కొట్లు వచ్చాయి, వాటి వెనకాల నేల ధర కొండెక్కింది. అత్తగారి ప్రహరీ మీద వేసింది తిమింగలం బొమ్మ. ఆ తిమింగలం సున్‌రేని నిలువునా మింగేసింది. ప్రభుత్వం లెక్కలో ఆమె ఆస్తిపరురాలు.

ఆస్తిపరురాలు ఆ పొద్దున ఏమీ తినకుండా వచ్చింది. ఆల్చిప్పలు ఒలిచే షెడ్డులో కత్తి పట్టి పట్టి, దెబ్బ తిన్న ఆ భుజమే ఈ ఏడు పూర్తిగా మొరాయించింది. చెయ్యి పైకి లేవదు. ఆపరేషన్ చేస్తే బాగవుతుందన్నారు. చేయించుకోవడానికి డబ్బు లేదు, చేయించుకోకపోతే షెడ్డులో పని లేదు. గదికిచ్చిన అడ్వాన్సులోంచే నెలనెలా అద్దె కోసుకుంటూ వచ్చిన ఓనరమ్మ, ఇంక కోయడానికేమీ మిగల్లేదని చెప్పింది. నెలాఖరులోగా ప్రభుత్వం ఇచ్చే భత్యం మంజూరు కాకపోతే గది ఖాళీ చెయ్యాలి. వెళ్ళడానికి ఈ భూమ్మీద ఆమెకున్న చోటు మన్‌సిక్ ఎప్పుడు తలుపు తన్నుకుని వస్తాడో తెలియని ఆ ఇల్లే. అక్కడికి పోవాలి, లేకపోతే ముసలామెని బయటకి నెట్టి అమ్ముకోవాలి.

ప్యో చాలాసేపు మౌస్ తిప్పాడు. లేచి వెళ్ళి లోపల ఎవరినో అడిగి వచ్చాడు. "ఒక దారుందండీ," అన్నాడు కూర్చుంటూ. "కమిటీ ముందు పెట్టొచ్చు. ఆ కుటుంబంతో మీకు పూర్తిగా తెగిపోయిందని, ఆ ఇంటితో రాకపోకలు లేవని, అక్కణ్ణుంచి మీకు గింజ కూడా రావడం లేదని తేలితే ఇంటిని లెక్కలోంచి తీసేస్తారు. నేనే వచ్చి రెండు చోట్లా చూసి, అడిగి రాయాలి. రాకపోకలు ఉన్నాయా అండీ?"

"లేవు," అంది సున్‌రే.

ఆ మాట ఆమె ఆలోచించకుండానే వచ్చేసింది. అంతకుముందు ఆదివారమే గుట్ట ఎక్కి, అత్తగారి పెరట్లో ఒంటిచేత్తో క్యాబేజీలకి ఉప్పు పట్టించి, చలికాలానికి కిమ్చీ పచ్చడి పెట్టించి, తన వాటా జాడీ పట్టుకుని దిగింది. మన్‌సిక్ లేడని తెలిసిన ప్రతి వారం వెళ్తూనే ఉంది. మొగుణ్ణి వదిలెయ్యడం ఆమెకు చేతనయింది గానీ మొగుడి తల్లిని వదిలెయ్యడం ఎలాగో ఎవరూ నేర్పలేదు.

మర్నాడు వెనక సందులోంచి, తలకి గుడ్డ కప్పుకుని వెళ్ళింది. ఎప్పుడో దీవి నుంచి పడవ మీద కోడలిగా వచ్చినందుకు అత్తగారిని గుట్ట మీద అందరూ దీవి ముసలమ్మ అనే అంటారు. ఆవిడ గుమ్మంలో కూర్చుని ఎండు చేపల తోకలు కత్తిరిస్తోంది.

"అత్తయ్యా, ఆఫీసు వాళ్ళొస్తారు. నేనిక్కడికి రానని చెప్పాలి."

"ఇప్పుడొచ్చావుగా."

"వచ్చానని చెప్పకూడదు. నాకూ మీకూ పడదని, మొహాలు చూసుకోమని చెప్పాలి."

"పడదన్నది నిజమే కదే. కాపరానికొచ్చిన నాటి నుంచి నీకూ నాకూ పడిందెప్పుడు? చారులో ఉప్పు తగ్గించవే అంటే ఇంతవరకూ తగ్గించావా?"

"అదే గొంతు. ఆ గొంతుతోనే చెప్పండి."

ముసలామె కత్తెర పక్కన పెట్టింది. ఎందుకో, ఏమిటో అంతా రెండుసార్లు చెప్పించుకుంది. కోడలి గది పోతుందన్న సంగతి ఆవిడకి అప్పుడే తెలిసింది. తర్వాత, "ఎలా తిట్టమంటావు? మామూలుగానా, గట్టిగానా?" అని అడిగింది.

"గట్టిగానే."

"అయితే విను. బాగోకపోతే చెప్పు." ఆవిడ గొంతు సవరించుకుని, ఎదురుగా ఉన్న నీళ్ళ తొట్టినే ఆఫీసరు అనుకుని మొదలుపెట్టింది. "కోడలా? ఎవరికి కోడలు? పండక్కి రాదు, మావగారి తద్దినానికి రాదు. నేను ముట్టుకున్న గిన్నె దానికి పనికిరాదు. దాని పేరెత్తితే నాకు ముద్ద దిగదు. నా కొడుకుని నడిరోడ్డున పడేసి పోయింది. కట్టుకున్నవాడు ఏదో కోపంలో ఒక దెబ్బ వేస్తే మాత్రం..."

ఊపులో వెళ్తున్నదల్లా అక్కడ ఆగిపోయింది.

కొడుకు కోడల్ని తోసిన ఆ రోజు ఆవిడ పక్కగదిలోనే ఉంది. గోడకి అవతల అంతా వింటూనే ఉంది. తలుపు తియ్యలేదు. ఆ మాట ఇద్దరి మధ్యా ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా రాలేదు. సున్‌రే ఆవిణ్ణి క్షమించిందా అంటే ఆ సంగతి సున్‌రేకే తెలియదు. వెళ్ళినప్పుడల్లా ఆవిడ కట్టిచ్చిన మూటలు మాత్రం కాదనకుండా తెచ్చుకుని తినేది.

"ఆ చివరిది అనకండి," అంది సున్‌రే.

"అననులే." ముసలామె మళ్ళీ కత్తెర తీసుకుంది. చేప తోక ఒకటి అవసరమైనదానికన్నా చాలా పొట్టిగా కత్తిరించింది. "ఇది చేస్తే నీ గది ఉంటుందా?"

"ఉంటుంది. భుజం కూడా బాగు చేస్తారు."

"అయితే తిట్ల సంగతి నాకొదిలెయ్. నువ్వు నీ మొహం అదుపులో పెట్టుకో. అబద్ధం ఆడితే నీ చెవులు ఎర్రబడతాయి."

ప్యో వస్తానన్న రోజు సున్‌రే పొద్దున్నే లేచి గది అంతా గాలించింది. అత్తగారు కుట్టిచ్చిన బొంత మడిచి ఓనరమ్మ ఇంట్లో పెట్టొచ్చింది. మావగారి తద్దినానికి వాడే ఇత్తడి చెంచాల పెట్టె మంచం కింద తోసింది. గోడ మీది అత్తగారి ఫోటో తీసేసింది. ఆ గోడ మీద తెల్లటి చదరం మిగిలితే అక్కడ క్యాలెండర్ తగిలించింది. ఆ ఇంటిది అనిపించే దారప్పోగు కూడా కనపడకుండా చేసి, తనకి తెలివుందని కాస్త గర్వపడింది కూడా. కిమ్చీ జాడీ సంగతి ఆమెకు తట్టనే లేదు. ఏ ఇంట్లోనైనా కిమ్చీ ఉంటుంది. దాన్నెవరు దాస్తారు?

ప్యో మధ్యాహ్నం వచ్చాడు. గుట్ట ఎక్కి దిగి వచ్చాడేమో, చలికి ముక్కు ఎర్రబడి, మేజోళ్ళు తడిసి ఉన్నాయి. సున్‌రే అతన్ని కరెంటు చాప మీద కూర్చోబెట్టింది. ఇంట్లో ఉన్న వెచ్చటి చోటు అదొక్కటే.

"మీ అత్తగారిని కలిసొచ్చానండీ," అన్నాడతను మొహమాటపడుతూ. "అన్నవన్నీ నేను మీకు చెప్పలేను."

"చెప్పక్కర్లేదు బాబూ. నాకు తెలుసు."

"నేను బడికి వెళ్ళే రోజుల్నుంచి అలాంటి తిట్లు వినలేదండీ. కొన్నిటికి అర్థం కూడా తెలీలేదు. పక్క కాఫీ కొట్టు అమ్మాయి బయటికొచ్చి చూసింది." అతను చిన్నగా నవ్వి, వెంటనే ఆపుకున్నాడు. "సరే, ఆ వైపు స్పష్టంగానే ఉంది. కమిటీలో పెద్దగా అడ్డు చెప్పరనుకుంటాను."

సున్‌రేకి ఒక్కసారిగా ఒంట్లో పట్టంతా సడలింది. ఇన్నాళ్ళుగా తను భయంతో దవడలు బిగించే బతుకుతోందని అప్పుడే తెలిసింది. ఏడుపు వస్తుందేమోనని లేచి స్టవ్ దగ్గరికి వెళ్ళింది. లేచాక చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. ఆ ఊళ్ళో చలిలో ఇంటికొచ్చిన మనిషిని తినకుండా పంపడమంటే వెళ్ళగొట్టడమే.

"భోజనం చేశావా బాబూ?"

"అక్కడ మీ అత్తగారు పెట్టారండీ. మిమ్మల్ని తిడుతూనే నా చేత తినిపించారు. వద్దంటే ఊరుకోలేదు."

"ఆవిడ పెట్టేది పిట్ట తినేంత. ఇటు తిరుగు. ఇదేం లంచం కాదు, అన్నం."

వేడి అన్నం, సముద్రపు నాచు చారు, ఒక చిన్న పళ్ళెంలో కిమ్చీ. ఇంట్లో ఉన్నదదే. ప్యో వద్దు వద్దంటూనే చారు తాగాడు, ఆకలి మీదున్నాడని తెలుస్తూనే ఉంది. కిమ్చీ ముక్క ఒకటి నోట్లో పెట్టుకుని నమిలాడు. నమలడం నెమ్మదించింది. నోట్లోంచి సన్నటి ముల్లు ఒకటి తీసి పళ్ళెం అంచున పెట్టాడు. దాన్ని చూస్తూ ఉండిపోయాడు.

సున్‌రే కూడా ఆ ముల్లునే చూసింది.

అందరూ కిమ్చీలో ఉప్పులో ఊరిన రొయ్యలో, ఊరిన చేపల రసమో వేస్తారు. దీవి ముసలమ్మ మాత్రం సముద్రపు రాళ్ళ మధ్య దొరికే వేలెడంత చేపల్ని తలా తోకా తీయకుండా క్యాబేజీ మడతల్లో దోపుతుంది. తీపికి పంచదార వెయ్యదు, బాగా మిగలపండిన ఎర్ర పర్సిమన్ పండు పిసికి కలుపుతుంది. అది ఆవిడ పుట్టింటి దీవి పద్ధతి. ఈ ఒడ్డున ఆవిడ చేతికి తప్ప ఇంకెవరి చేతికీ తెలియదు. ఆవిడ తర్వాత ఆవిడ కోడలికి.

"మా కొండల్లో కిమ్చీలో చేప వెయ్యరండీ," అన్నాడు ప్యో, పళ్ళెం వంకే చూస్తూ. "ఇవాళ పొద్దున్నే మొదటిసారి తిన్నాను. ఇదేమిటని అడిగితే ఆవిడ చాలా సంబరపడ్డారు. ఈ గుట్ట మీదే కాదు, ఊరు మొత్తం వెతికినా ఇలా పెట్టేవాళ్ళు ఇంకొకరుంటే తన చెవి కోసిస్తానన్నారు."

అంతసేపు అంత బాగా తిట్టి, వంట మెచ్చుకోగానే పొంగిపోయింది మహాతల్లి. సున్‌రేకి ఆవిడ మీద కోపం, తన మీద అంతకన్నా కోపం వచ్చాయి. బొంత దాచింది, ఫోటో దాచింది, పెట్టకూడనిది తనే పళ్ళెంలో పెట్టి ముందుకు తోసింది.

"బాబూ," అంది. "బాబూ, నెలాఖరుకి ఈ గది లేకపోతే నేనా ఇంటికే పోవాలి. వాడొస్తాడు. వాడు రాకుండా ఉండడు. నేను ఇంకో చలికాలం వాడి చేతుల్లో బతకలేను. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"అలా అనకండి, కూర్చోండి." అతను తన సంచీలోంచి కాగితాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. చెవులు ఎర్రబడింది అతనివే. "నేను రెండు మాటలు అడుగుతాను. మీరేం చెబితే అది రాస్తాను. ఆ ఇంటికి వెళ్తుంటారా?"

సున్‌రే చేతులు ఒళ్ళో ముడుచుకుంది. "లేదు."

"ఆ ఇంటి నుంచి మీకేమైనా వస్తుందా?"

కిమ్చీ పళ్ళెం ఇద్దరి మధ్యే ఉంది. "ఏమీ రాదు. ఆ ముసలామె నాకేమీ కాదు," అంది సున్‌రే.

రాసుకున్నాడు. కాగితాలు లోపల పెట్టి, మళ్ళీ చాప్‌స్టిక్‌లు తీసుకుని, పళ్ళెంలో ఉన్నదంతా తినేశాడు. ముళ్ళు ఏరి చారు గిన్నెలో వేశాడు. గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుంటూ అన్నాడు: "నేనీ ఊరివాణ్ణి కాదు. ఇక్కడ అందరూ ఇలాగే పెట్టుకుంటారేమో, నాకేం తెలుసు. కానీ అమ్మగారూ, రాశాక అది నిజమై ఉండాలి. మళ్ళీ తనిఖీకి వస్తారు, వచ్చేది నేనే కావాలని లేదు. గుట్ట మీద చూసే కళ్ళు చాలా ఉన్నాయి."

నెలాఖరుకి ముందే మంజూరైంది. ఓనరమ్మ అద్దె తీసుకుని, ఇంతకుముందు తనేమీ అననట్టే బత్తాయిలు తెచ్చిచ్చింది. పెద్దాసుపత్రిలో భుజానికి ఆపరేషన్ తేదీ ఇచ్చారు. సున్‌రే చాలా రోజుల తర్వాత కడుపు నిండా తిని, నిండా నిద్రపోయింది. సుఖంగా ఉందా అంటే ఉంది. సిగ్గుగా కూడా ఉంది. రెండూ ఒకే గదిలో సర్దుకుని బతికాయి.

విషయం చెబుదామని అత్తగారికి ఫోన్ చేస్తే ఆవిడ విని, "మంచిది. ఇంక రాకు. ఫోన్ కూడా చెయ్యకు, వాళ్ళకి అన్నీ తెలుస్తాయిట," అని పెట్టేసింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. ఇదంతా నాటకమేననుకుని సున్‌రే ఒకరోజు చీకటి పడుతుండగా వెనక సందులోంచి వెళ్ళి గేటు తట్టింది. లోపల్నుంచి గడియ వేసి ఉంది.

"అత్తయ్యా, ఎవరూ లేరు, తియ్యండి."

అడుగుల చప్పుడు గేటు దాకా వచ్చి ఆగింది. "ఎవరికోసం?" అంది ముసలామె, వీధి మొత్తానికి వినపడేలా. తర్వాత చాలా మెల్లిగా, గేటు సందులో నోరు పెట్టి, "పోవే పిచ్చిదానా. కాఫీ కొట్టు పిల్ల చూస్తోంది," అంది.

ఆ తర్వాత సున్‌రే వెళ్ళలేదు. పొద్దున్న మార్కెట్ మూల మీద నిలబడితే గుట్ట మీద నీలం టార్పాలిన్ కనపడేది. దండెం మీద ఏదో ఒక బట్ట ఆరేసి ఉంటే ఆ రోజుకి ముసలామె బతికే ఉందనుకుని గదికి తిరిగొచ్చేది.

చలి ముదిరింది. ఆపరేషన్‌కి ఇంకో వారం ఉందనగా, దండెం ఖాళీగా ఉన్న ఒక పొద్దున ప్యో ఫోన్ చేశాడు.

"అమ్మగారూ, ఇది చెప్పడం నా పని కాదు. చెప్పకుండా ఉండడం నావల్ల కాలేదు," అన్నాడు. "మీ అత్తగారు పెరట్లో మంచు మీద జారి పడ్డారు. కాఫీ కొట్టు అమ్మాయి అంబులెన్స్ పిలిచింది. తుంటి ఎముక విరిగిందిట. ఇవాళే ఆపరేషన్ చెయ్యాలంటున్నారు. ఆ వయసులో ఆలస్యమైతే మంచం పట్టి పోతారుట. సంతకానికి ఇంటివాళ్ళు కావాలి. మీ ఆయన ఫోన్ పలకడం లేదు. పడవ మీద ఉన్నారో ఏమో."

"ఇంకెవరూ లేరా?" అని అడిగింది సున్‌రే. లేరని ఆమెకన్నా బాగా తెలిసినవాళ్ళు లేరు.

"కోడలిగా సంతకం పెడితే ఆ పేరు మా దగ్గరికి వస్తుందండీ. ఆవిడ వైద్యం ఖర్చు కూడా మా ఆఫీసే చూడాలి కదా. వచ్చాక ఎక్కించాల్సింది నేనే. ఆ రోజులా కళ్ళు మూసుకోవడం కుదరదు. ఇల్లు మళ్ళీ లెక్కలోకి వచ్చేస్తుంది, మీ భత్యం ఆగిపోతుంది. నేను మిమ్మల్ని వెళ్ళమనడం లేదు. వెళ్ళొద్దనీ అనడం లేదు."

ఫోన్ పెట్టేశాక ఆమె చాప మీద కూర్చుండిపోయింది. మన్‌సిక్‌ని తిట్టింది. ఆ పెరట్లో మరుగుదొడ్డి కట్టించిన మావగారిని తిట్టింది. గది వంక చూసింది. గోడలు, స్టవ్, లోపల్నుంచి వేసుకునే గడియ. గడియ తన చేత్తో తనే వేసుకోగల ఇల్లు జీవితంలో ఆమెకు ఇదొక్కటే. ఇది వదులుకోమంటే ఎలా? ఆ రోజు ఆవిడ తలుపు తియ్యలేదు కదా. ఇవాళ నేను తియ్యకపోతే చెల్లుకి చెల్లు. ఇలా తనకి తను గట్టిగా చెప్పుకుంటూనే కోటు తొడుక్కుంది. ఒక్కసారి చూసి వచ్చేస్తానంతే అనుకుంది.

అత్యవసర విభాగంలో ముసలామె చక్రాల మంచం మీద గోడ పక్కన ఉంది. దుప్పటి కింద ఆవిడ మనిషి సగానికి సగం తగ్గిపోయింది. కళ్ళు మూసుకుని పళ్ళు బిగపట్టుకుంది.

"పేషెంట్ తాలూకు మీరేనా?" అని నర్సు పరుగున వచ్చింది. "పొద్దుట్నుంచి చూస్తున్నాం. థియేటర్ ఖాళీగా ఉంది, సంతకం లేక ఆగిపోయాం. ఆవిడకి మీరేమవుతారు?"

"పక్కింటిదాన్ని," అంది సున్‌రే.

నర్సు భుజాలు జారాయి. "పక్కింటివాళ్ళు పనికిరారమ్మా. కొడుకో కోడలో ఎవరో ఒకరు కావాలి. కోడలు ఉందని రికార్డులో ఉంది, ఎక్కడుందో మీకేమైనా తెలుసా?"

ఆ గొంతులకి ముసలామె కళ్ళు తెరిచింది. సున్‌రేని చూసింది. ఆ కళ్ళల్లో ముందు కనిపించింది సంతోషం. అంత నొప్పిలోనూ దాచుకోలేని సంతోషం. మరుక్షణం దాన్ని మింగేసింది.

"ఈవిడెవరు?" అంది నర్సుతో, ఉన్న ఊపిరంతా కూడదీసుకుని. "ఈవిణ్ణి ఎవరు రానిచ్చారు? నాకు కోడలు లేదమ్మా. ఎప్పుడో తెగదెంపులైపోయాయి. నాకెవరూ లేరు, కాగితం ఇటివ్వు, వేలిముద్ర వేస్తాను."

"మీది చెల్లదు బామ్మా, మీకు మత్తు సూది వేశాం."

"అయితే ఆపరేషన్ వద్దు. పంపించెయ్యండి నన్ను. దీన్ని మాత్రం బయటకి పంపండి."

సున్‌రే దగ్గరికి వెళ్ళి దుప్పటి సరిచేసింది. ముసలామె చెయ్యి బయటకి వచ్చి ఆమెను నెట్టింది. నెట్టడానికి అందులో బలం లేదు. ఆ చెయ్యి కోటు అంచు దగ్గర ఆగిపోయింది.

"పోవే," అంది ముసలామె, గుసగుసగా. "నీ గది పోతుంది. భుజం బాగవదు. వాడు పండక్కి వస్తాడు. నేను తలుపు తియ్యగలనో లేదో ఈసారి కూడా నాకు తెలీదు."

ఇన్నేళ్ళలో మొదటిసారి ఆ మాట వచ్చింది. సున్‌రే ఆ చేతిని మెల్లగా దుప్పటి కింద పెట్టింది.

"తెలుసు అత్తయ్యా," అంది. "ఊరుకోండి, ఇంక మాట్లాడకండి."

తర్వాత నర్సు వైపు తిరిగింది. "ఆవిడ అబద్ధం చెబుతోంది. నేనూ అబద్ధమే చెప్పాను. కోడల్ని నేనే. ఎక్కడ పెట్టాలి?"

కౌంటర్ ఎత్తుగా ఉంది, కుడి చెయ్యి అంత పైకి లేవలేదు. సున్‌రే కుర్చీలో కూర్చుని, కాగితం ఒళ్ళో పెట్టుకుని, పేరు రాసింది. బంధుత్వం అన్నచోట కోడలు అని రాసింది. చక్రాల మంచం థియేటర్ వైపు కదిలింది. తలుపులు మూసుకునేదాకా ముసలామె వినేవాళ్ళందరికీ చెబుతూనే ఉంది, ఆవిడ తనకేమీ కాదని, ఆ సంతకం చెల్లదని.